ఆ తొమ్మిదేళ్ళు ఎవరివి? - గుండెజబ్బు లెక్కల్లో వయసు, ఆడతనం, కులం

ఆడవాళ్ళకు గుండెపోటు మగవాళ్ళకంటే తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వస్తుంది. వైద్య విద్యార్థుల పాఠాల్లోనూ, ఆదివారం అనుబంధాల ఆరోగ్య శీర్షికల్లోనూ ఈ మాట కాస్త అటూ ఇటూగా కనిపిస్తూనే ఉంటుంది. దీని వెనక 2004లో వెలువడ్డ ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఉంది. 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటుతో ఆసుపత్రికొచ్చిన వాళ్ళను తీసుకొని లెక్కగడితే, నడిమి వయసు మగవాళ్ళకు 56, ఆడవాళ్ళకు 65 అని తేలింది. దక్షిణాసియా వాళ్ళకు మిగతా దేశాల వాళ్ళకంటే అయిదారేళ్ళు ముందే వస్తోందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. లెక్కతో మాకు తగాదా లేదు. ఆ వాక్యంలో కర్త ఎవరన్నదే మా ప్రశ్న. ఆడవాళ్ళు అంటే ఏ ఆడవాళ్ళు? ఆ తొమ్మిదేళ్ళు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

మేము వైద్యులం కాము. అయినా ఒక కథలో ఎవరున్నారు, ఎవరు లేరు అని చూసే కన్ను ఒక వైద్య పట్టిక మీద పెట్టినా పనికొస్తుందని మా నమ్మకం. దళిత ఉద్యమం భూమి గురించి, దాడుల గురించి, రిజర్వేషన్ల గురించి, ఆత్మగౌరవం గురించి మాట్లాడింది. మాట్లాడాల్సిందే. కానీ బీపీ, షుగర్, గుండెపోటు 'ఉన్నోళ్ళ జబ్బులు' అనే భావన మన పేటల్లో ఇంకా ఉంది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు తీసుకొని 2003-04లో చనిపోయినవాళ్ళ లెక్క రాస్తే, దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది. అవి ఊళ్ళు. కార్లూ ఏసీలూ ఉన్న కాలనీలు కావు.

గుండెజబ్బుకు 'రిస్కు' ఉందని ముందే లెక్కగట్టే పద్ధతి ఎక్కడ పుట్టిందో చూద్దాం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్నం ఉంది. 1948లో అక్కడ 5,209 మందిని తీసుకొని, ఏళ్ళ తరబడి వెంబడించి, ఎవరికి గుండెజబ్బు వచ్చింది, ఎందుకొచ్చింది అని రాసుకుంటూ పోయారు. ఆడవాళ్ళను మొదట్నుంచీ చేర్చుకున్నారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. దాదాపు అందరూ తెల్లవాళ్ళు. రిస్కు ఫ్యాక్టర్ అనే మాట జనంలోకొచ్చింది అక్కణ్ణుంచే. ఆ తర్వాత మందుల ప్రయోగాలకొచ్చేసరికి ఆడమనిషి మాయమైంది. 1980ల్లో ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందా అని చూసిన పెద్ద ప్రయోగంలో 22,071 మంది డాక్టర్లు, అందరూ మగవాళ్ళే. దానికి ముందు 12,866 మందితో చేసిన ఇంకో ప్రయోగంలోనూ అందరూ మగవాళ్ళే. దాని పొట్టి పేరును కలిపి చదివితే 'మిస్టర్ ఫిట్' అని వస్తుంది. ఎవరూ వెక్కిరించనక్కర్లేదు, పేరే ఒప్పుకుంటోంది.

ఈ అన్యాయాన్ని 1991లో బెర్నడీన్ హీలీ అనే హృద్రోగ వైద్యురాలు గట్టిగా అడిగింది. ఐజాక్ సింగర్ రాసిన యెంటెల్ అనే యూదు పిల్ల కథ ఉంది, మత గ్రంథాలు చదువుకోడానికి మగపిల్లాడి వేషం వేసుకుంటుంది. గుండెజబ్బు వచ్చిన స్త్రీ కూడా తనకు మగవాడి మాదిరిగానే జబ్బు వచ్చిందని రుజువు చేసుకుంటేనే మగవాడికిచ్చే వైద్యం దొరుకుతోంది అన్నది హీలీ వాదన. తిరుగులేని వాదన. అయితే ఆమె తెరిచిన తలుపులోంచి లోపలికి పోయింది కూడా 'స్త్రీ' అనే ఒకే ఒక్క ఆకారం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1995లో, గోపాల్ గురు దళిత స్త్రీలు వేరుగా ఎందుకు మాట్లాడుతున్నారో రాశాడు. అటు స్త్రీవాదుల సభలోనూ ఇటు దళిత పురుషుల సభలోనూ వాళ్ళ గొంతును ఇంకొకరే అరువు తెచ్చుకొని మాట్లాడుతున్నారన్న చర్చ అది. ఆ చర్చ కవిత్వంలోకి వచ్చింది, కథల్లోకి వచ్చింది, సంఘాల్లోకి వచ్చింది. రక్తపరీక్ష కాగితం మీదికి మాత్రం రాలేదు.

ఇక మెటబాలిక్ సిండ్రోమ్ సంగతి. నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, హెచ్.డి.ఎల్. అనే మంచి కొవ్వు - ఈ అయిదింటిలో ఏ మూడు గీత దాటినా ఆ మనిషికి సిండ్రోమ్ ఉన్నట్టు. గుండెజబ్బూ షుగరూ తరుముకొస్తున్నాయని అర్థం. 1988లో జెరాల్డ్ రీవెన్ 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరుపెట్టి మొదలుపెట్టిన చర్చ, నాలుగైదు నిర్వచనాలు మారి, 2009కి ఈ రూపానికొచ్చింది. బీపీకి, చక్కెరకు, ట్రైగ్లిజరైడ్లకు ఆడామగా తేడా లేదు. తేడా ఉన్నది రెండు చోట్లే. దక్షిణాసియా మగవాడి నడుము 90 సెంటీమీటర్ల దగ్గర ఆగాలి, ఆడమనిషిది 80 దగ్గర. మంచి కొవ్వు మగవాడికి 40 ఉంటే చాలు, ఆడమనిషికి 50 ఉండాలి. అంటే ఈ నిర్వచనంలో స్త్రీ అంటే పది సెంటీమీటర్లు తక్కువ నడుము, పది మిల్లీగ్రాములు ఎక్కువ మంచి కొవ్వు. అంతే. కాన్పులు లేవు, గర్భంలో వచ్చిన బీపీ లేదు, ముట్టు ఎప్పుడు ఆగిందో లేదు.

వయసు సంగతీ అంతే. వయసు అంటే పుట్టిన సంవత్సరాన్ని ఈ సంవత్సరంలోంచి తీసేస్తే వచ్చే అంకె. (పుట్టిన సంవత్సరం బళ్ళో పంతులు వేసిందైతే అదీ ఉజ్జాయింపే.) కానీ ఆడవాళ్ళ విషయంలో వైద్యులు చెప్పే వయసు నిజానికి ఆ అంకె కాదు. ఆ తొమ్మిదేళ్ళు ఎక్కడివి అని అడిగితే వాళ్ళు అండాశయాల వైపు చూపిస్తారు. ముట్టు ఉన్నన్నాళ్ళు ఊరే ఈస్ట్రోజెన్ రక్తనాళాల్ని మెత్తగా ఉంచుతుంది, మంచి కొవ్వును నిలబెడుతుంది. ముట్టు ఆగాక కొవ్వు తొడల మీంచి పొట్ట మీదికి చేరుతుంది, బీపీ పెరుగుతుంది. అప్పుడు ఆడమనిషి మగవాణ్ణి అందుకుంటుంది అంటారు. ఇది స్థూలంగా నిజం. మరీ అంత సరళం కాదు కూడా. ముట్టాగిన స్త్రీలకు హార్మోన్ల జోడీ మాత్రలిచ్చి చూసిన పెద్ద అమెరికన్ ప్రయోగాన్ని 2002లో మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. రక్షణ మాట అటుంచి గుండెజబ్బు, పక్షవాతం, రొమ్ము కాన్సర్ పెరిగాయి. మాత్ర వేస్తే తిరిగొచ్చేది కాదు ఆ వయసు.

సరే, ముట్టు ఆగడమే మలుపు అనుకుందాం. మరి మన రాష్ట్రాల్లో ముట్టు ఎట్లా ఆగుతోంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారి గర్భసంచి తీసేసే ఆపరేషన్ గురించి విడిగా, వివరంగా అడిగింది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద ఆ ఆపరేషన్ అయినవాళ్ళు నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశంలో ఎక్కడా లేనంత. 2019-21లో మళ్ళీ అడిగితే ఆంధ్రలో 8.7, తెలంగాణలో 8.2. ఆపరేషన్ నాటికి వయసెంత? దేశం మొత్తం మీద నడిమి వయసు 34. అంటే సగం మందికి ముప్ఫై నాలుగు నిండకముందే తీసేశారు. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో. పల్లెల్లో ఎక్కువ, చదువు లేనివాళ్ళలో ఎక్కువ. ఇది దళిత స్త్రీలకు మాత్రమే జరిగిందని మేము అనడం లేదు. బీసీ స్త్రీలకు జరిగింది, పేద రైతు స్త్రీలకు జరిగింది. చదువు, ఊరు, కూలి, అప్పు - ఇవన్నీ ఎవరి దగ్గర ఒకచోట కుప్పపడతాయో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి ముందు ఒక కథ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు డెబ్భై మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. 2019-21 లెక్క 69.6. చిన్న వయసులో పెళ్ళి, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకు ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. 'ఇంక పిల్లలు అక్కర్లేదు గదా, ఆ సంచితో పనేముంది' అనే మాట ఆ తర్వాతనే సాధ్యమవుతుంది. నడుంనొప్పి, తెల్లబట్ట, అధిక రక్తస్రావం అని పోతే, 'ఉంచుకుంటే కాన్సర్ అవుతుంది' అని భయపెట్టేవాడొకడు, పట్నం ఆసుపత్రికి తోడు తీసుకుపోయి కమీషన్ తీసుకునేవాడొకడు. నెలకు మూడు రోజులు కూలి పోకుండా ఉంటుందని ఆడమనిషి కూడా లెక్కేసుకుంటుంది. నాట్లలో, కలుపులో మోకాలి లోతు నీళ్ళలో పొద్దంతా నిలబడే మనిషికి మరుగుదొడ్డి ఎక్కడ, ఆ మూడు రోజులు మార్చుకునే బట్ట ఎక్కడ? ఆమె లెక్క తప్పని అనేవాళ్ళు ఆ మడిలో ఒక రోజు నిలబడి మాట్లాడాలి. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు నరికే స్త్రీల సంగతి 2019లో బయటపడ్డప్పుడు దేశం ఉలిక్కిపడింది. అక్కడ మేస్త్రీ ఒక్కరోజు పనికి రాకపోతే జరిమానా వేస్తాడు. మన దగ్గర జరిమానా పేరు వేరే, అంతే తేడా.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడికి కార్పొరేట్ వైద్యం అన్నారు. పథకం చేసిన మేలును మేము కాదనం. గుండె ఆపరేషన్లు అయినవాళ్ళు మన వాడల్లోనే ఉన్నారు. కానీ అదే కార్డు మీద గర్భసంచులూ పోయాయి. విమర్శలు రేగాక ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించి సర్కారు ఆసుపత్రులకు పరిమితం చేశారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర ఆపరేషన్ల కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో మార్గదర్శకాలు అమలుచేయాలని ఆదేశించింది. ఇవన్నీ ముందు జరగబోయే ఆపరేషన్ల గురించి. ఇప్పటికే అయిపోయినవాళ్ళ గుండె సంగతేమిటి?

అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసిన 2,094 మంది స్త్రీలను, ఆపరేషన్ కాని అదే వయసు స్త్రీలతో పోల్చి, ఏళ్ళ తరబడి చూశారు. ముప్ఫై అయిదేళ్ళలోపు ఆపరేషన్ అయినవాళ్ళకు గుండె రక్తనాళాల జబ్బు రెండున్నర రెట్లు, గుండె బలహీనపడే జబ్బు 4.6 రెట్లు ఎక్కువ. ఆపరేషనే కారణమని ఇది రుజువు చేయదు. ఆపరేషన్ దాకా తెచ్చిన బాధలే గుండెనూ తిన్నాయేమో. కానీ అండాశయాలు ఉంచితేనే ఇట్లా ఉంటే, వాటినీ తీసేస్తే తొమ్మిదేళ్ళ మాట ఎక్కడిది? అక్కడ ముప్ఫై అయిదేళ్ళలోపు అంటే ప్రత్యేకంగా చూడాల్సిన చిన్న గుంపు. ఇక్కడ ముప్ఫై నాలుగు నడిమి వయసు. వాళ్ళ మినహాయింపు మన సగం.

ఇప్పుడు ఆశా కార్యకర్త చేతిలో ఉన్న ఫారం చూద్దాం. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, కాన్సర్ పరీక్షలు చేయాలన్న జాతీయ కార్యక్రమంలో భాగంగా ఆమె ఇంటింటికీ తిరిగి నింపేది. మార్కులు వేసే ప్రశ్నలు ఆరు: వయసు, పొగాకు, సారా, నడుము, వ్యాయామం, కుటుంబంలో బీపీ షుగర్ గుండెజబ్బు ఉన్నాయా. నాలుగు మార్కులు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పంపాలి. నాలుగు లోపున్నవాళ్ళకు పరీక్ష వద్దని ఫారం చెప్పదు, అందరికీ చేయాలనే ఉంది. కానీ ఒక ఆశా, ఒక నర్సమ్మ, వెయ్యిమంది జనం ఉన్నచోట మార్కే వరస అవుతుంది.

ఊహకు ఇద్దరిని తీసుకుందాం. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగి. వయసుకు 1. నడుము 95, దానికి 1. కూర్చొని చేసే పని, దానికి 1. నాన్నకు షుగర్, దానికి 2. మొత్తం 5. గీత దాటాడు. అదే ఊళ్ళో ముప్ఫై ఎనిమిదేళ్ళ కూలి మనిషి. వయసుకు 1. పొగాకు లేదు, సారా లేదు. నడుము 78, సున్నా. రోజంతా పొలంలోనే గదా, వ్యాయామానికి సున్నా. అమ్మానాన్నలకు బీపీ ఉందా అంటే 'తెల్వదు', ఆ గడిలో లేదు అని పడుతుంది, సున్నా. మొత్తం 1. ముప్ఫై ఒకటో ఏట ఆమె గర్భసంచి, అండాశయాలు తీసేశారన్న సంగతి ఎవరూ అడగలేదు. ఫారంలో స్త్రీలకని విడిగా ప్రశ్నలున్నాయి, కానీ అవి రొమ్ము కాన్సర్, గర్భాశయ ముఖద్వార కాన్సర్ కోసం. ముట్టు ఆగాక రక్తస్రావం అవుతోందా అని అడుగుతుంది. ముట్టు ఎప్పుడు ఆగింది, ఎట్లా ఆగింది అని అడగదు! ప్రశ్న ముంగిట దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది.

కుటుంబ చరిత్ర ప్రశ్న దగ్గర ఇంకొంచెం ఆగాలి. రెండు మార్కుల ప్రశ్న అది. నాన్నకు బీపీ ఉందని తెలియాలంటే నాన్న చేతికి ఎవరో ఒకరు పట్టీ కట్టి చూసి ఉండాలి. మా ఇళ్ళల్లో ముందు తరం వాళ్ళు ఎట్లా పోయారని అడిగితే వచ్చే జవాబులు వేరు. 'పొద్దున లేవలేదు.' 'ఆయాసం వచ్చి పోయింది.' 'గాలి సోకింది.' 'మంచిగనే ఉండె, కల్లంకాడ పడిపోయె.' ఈ మరణాలకు కాగితం లేదు, పేరు లేదు. చదువులో మొదటి తరం అన్న మాట వింటుంటాం గదా. రోగనిర్ధారణలో కూడా మొదటి తరం ఉంటుంది. ఆ తరానికి కుటుంబ చరిత్ర గడిలో సున్నా పడుతుంది. రక్తంలో జబ్బు లేక కాదు, ఇంటికి డాక్టరు రాక. వంశం గురించి అడిగినట్టు కనిపించే ఆ ప్రశ్న అసలు అడుగుతున్నది ఆసుపత్రితో ఆ కుటుంబానికి ఎన్ని తరాల పరిచయం అని.

సన్నటి నడుముకు వేసే సున్నా కూడా నమ్మదగింది కాదు. దీనికి సాక్ష్యం మన హైదరాబాదు పక్కనే ఉంది. 1987 నుంచి 1990 దాకా నగరానికి దగ్గర్లోని 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్ళల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా రోజూ ఉప్మా పెట్టారు. 14 ఊళ్ళల్లో ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక 1,165 మందిని మళ్ళీ పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఒంట్లో కొవ్వులో పెద్ద తేడా లేదు. కానీ ఇన్సులిన్‌కు ఒళ్ళు మొండికేయడం తక్కువ, రక్తనాళాల బిగువు తక్కువ. అంటే టేపుకు దొరకని తేడా. తల్లి కడుపులో ఉన్నప్పుడు తల్లికి దొరికిన తిండి, అయిదేళ్ళలోపు బిడ్డకు దొరికిన తిండి, నలభయ్యో ఏట గుండె దగ్గర లెక్కకొస్తాయి. ఆ తిండి ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు, అంగన్‌వాడీ కేంద్రం ఊళ్ళో ఏ వీధిలో పెట్టారు, అక్కడ ఎవరి పిల్లలు వెనక వరసలో కూర్చున్నారు - ఇవి జీవశాస్త్రం ప్రశ్నలు కావని ఎవరనగలరు?

వయసు గురించి మాట్లాడేటప్పుడు మన సభల్లో ఒక అంకె తరచూ వినిపిస్తుంది. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కంటే 14.6 ఏళ్ళు ముందే చనిపోతుందని. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదికలో ఉన్న మాటే. అయితే అది ఆయుర్దాయం కాదు. సర్వేలో నమోదైన చనిపోయినవాళ్ళ వయసుల సగటు. దళితుల ఇళ్ళల్లో పిల్లలు, పడుచువాళ్ళు ఎక్కువుంటే ఆ సగటు దానంతటదే కిందికి దిగుతుంది. ఆయుర్దాయాన్నే సరిగ్గా లెక్కగట్టిన పరిశోధన 2022లో వచ్చింది. ఉత్తరాది, తూర్పు ప్రాంతాల తొమ్మిది రాష్ట్రాల్లో అగ్రకుల హిందువుల కంటే దళితులు మూడేళ్ళకు పైగా, ఆదివాసులు నాలుగేళ్ళకు పైగా తక్కువ బతుకుతున్నారని తేల్చింది. ఆస్తి తేడాలు తీసేసి చూసినా తేడా మొత్తం పోలేదు. మన కార్యకర్తలు ఈ అంకెనే వాడాలని మా సూచన. మూడేళ్ళు చిన్న అంకె కాదు. పెద్ద అంకె కోసం వెతుక్కుంటే ఎదుటివాడు దాన్ని ఒక్క ప్రశ్నతో పడగొట్టి, దాంతోపాటు నిజాన్నీ పడగొడతాడు.

కులాన్ని రిస్కు లెక్కలో చేర్చడం అశాస్త్రీయం అనేవాళ్ళున్నారు. స్కాట్లండ్‌లో 2007 నుంచి వాడుతున్న ఆసైన్ అనే లెక్కలో మనిషి ఉండే ప్రాంతపు పేదరికానికి మార్కు ఉంది. ఇంగ్లండ్‌లో వాడే క్యూరిస్క్‌లోనూ ఉంది, జాతి కూడా ఉంది. అవి లేకపోతే పేదవాడి రిస్కు తక్కువగా కనిపించి మందు అందకుండా పోతోందని వాళ్ళే గమనించి చేర్చుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దక్షిణాసియాకు విడిగా ఇచ్చిన పట్టికల్లో వయసు, ఆడామగా, పొగాకు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నాయి. అవీ నలభయ్యో ఏట మొదలవుతాయి. మన ఫారమే వంటింట్లో కట్టెలా గ్యాసా, పని దగ్గర పొగ ఉందా అని అడుగుతుంది, అయితే మార్కు వేయదు. బతుకు గురించి అడగడం చేతకాక కాదన్నమాట.

మార్చాల్సినవాళ్ళు ఫారం మార్చేదాకా సంఘాలు చేయగల పని ఒకటుంది. ఆపరేషన్ అయిన స్త్రీల దగ్గర డిశ్చార్జి కాగితం ఉంటుంది, ట్రంకుపెట్టెలోనో, రేషన్ కార్డు సంచిలోనో. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఎవరూ చదివి చెప్పి ఉండరు. అందులో టి.ఎ.హెచ్. అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని. పక్కన బి.ఎస్.ఓ. అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని. ఆ మూడక్షరాలు ఉన్న మనిషి వయసు ఎంతైనా, నడుము ఎంత సన్నమైనా, ఫారంలో మార్కు ఎంత తక్కువైనా, బీపీ, చక్కెర, కొవ్వు పరీక్షలు ఈ వారమే చేయించాలి, ఏటా చేయించాలి. కాగితం పోయినవాళ్ళకు ఆరోగ్యశ్రీ కార్డు నంబరు మీద ఆసుపత్రిలోనో ట్రస్టు కార్యాలయంలోనో వివరాలు అడగొచ్చు, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. 'పానం బాగలేదు, గ్యాసేమో' అని ఆమె అన్నప్పుడు, ఆ మాటకు ఈసీజీ తీయమని పక్కనుండి అడిగే మనిషి కూడా ఒకరు కావాలి.